49 రూపాయల యాప్ ఎవరి పేరు మీద?

పోయిన ఏడాది దుర్గాపూజ సెలవులు ఇచ్చే రోజు మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు స్టాఫ్‌రూమ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి. ఇద్దరి నాన్నలది రైల్వే, ఒకరి నాన్నది షిప్‌యార్డు. ముగ్గురి ముఖాల్లోనూ దాచుకోలేని సంబరం. కంప్యూటర్ ల్యాబ్‌కు మమ్మల్ని దాదాపు చెయ్యి పట్టి లాక్కెళ్లారు. అక్కడ ఒక టాబ్లెట్ తెర మీద ఆనపకాయ బొమ్మ ఉంది. బొమ్మ కింద ఆ మాట తెలుగు అక్షరాల్లో, దాని కింద బెంగాలీలో ‘లావు’, ఆ కింద హిందీలో ‘లౌకీ’. బొమ్మ మీద వేలు పెడితే ఒక పెద్దావిడ గొంతు ‘ఆనపకాయ’ అంటుంది, కాస్త సాగదీసి, శ్రీకాకుళం యాసలో. ఆ గొంతు వాళ్లలో ఒకమ్మాయి నాయనమ్మగారిది.

“ఏడాది మధ్యలో బదిలీ అయి వచ్చే తెలుగు పిల్లల కోసం మేడమ్. వాళ్లకి మాట్లాడటం వస్తుంది, చదవటం రాదు కదా. బజారుకెళ్తే బెంగాలీ అర్థం కాదు. ఇదుంటే మూడూ ఒకేసారి వస్తాయి.”

ఇలాంటి కార్డులు నూట ఇరవై చేశారు. ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ అనే ఉచిత సాధనంలో, ముక్కకు ముక్క అతికించి, రెండు నెలలు కూర్చున్నారట. మాకు నోట మాట రాలేదు. పదేళ్ల ఉద్యోగంలో ఐదు ఊళ్లు తిరిగాం; ప్రతి ఊళ్లోనూ తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం రాని పిల్లలు కనిపించారు. వాళ్ల కోసం మేము చార్టులు రాశాం, అట్టముక్కలు కత్తిరించాం. ఈ పిల్లలు చేసింది మాత్రం మాకు తట్టలేదు.

అప్పుడు అసలు మాట బయటికొచ్చింది. “దీన్ని ప్లే స్టోర్‌లో పెట్టి 49 రూపాయలకు అమ్ముతాం మేడమ్. మాకు అకౌంట్ ఇవ్వరు. అందుకని నాన్న పేరు మీద తెరుస్తాం. సరేనా?”

ఆ రోజు మేము ‘వద్దు’ అన్నాం. ముగ్గురి ముఖాలూ వాడిపోయాయి. ఎందుకు వద్దన్నామో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాం, సెలవుల గంట కొట్టేశారు. ఈ నాలుగు పేజీలు ఆ బాకీ తీర్చుకోవడానికే. రాస్తూ రాస్తూ మా అభిప్రాయం కూడా కొంత మారింది. ‘వద్దు’ కాస్తా ‘ఇలా అయితే వద్దు, అలా అయితే చేయండి’ దాకా వచ్చింది.

మా స్టాఫ్‌రూమ్‌లో దీని మీద రెండు పార్టీలున్నాయి. ఒకరు అంటారు, తొమ్మిదో తరగతిలో ఈ వ్యాపారాలేమిటి, లెక్కలు చేసుకోమనండి అని. ఇంకొకరు అంటారు, పిల్లలు సంపాదించుకుంటామంటే అడ్డెందుకు, కాలం మారిందండీ అని. మాకు ఇద్దరి మాటా రుచించలేదు. యాప్ చేయడం చదువు కాదని ఎవరన్నారు? అమ్మడం మాత్రం చదువంత తేలిక కాదు. అందులో డబ్బు కన్నా ముందు పేరు అనే ప్రశ్న ఉంది. పేరు అంటే కీర్తి కాదు పిల్లలూ, కాగితం మీద సంతకం పెట్టే పేరు.

ముందు ఈ స్టోరు అంటే ఏమిటో చూద్దాం. మనకు దగ్గర్లోనే మెటియాబ్రుజ్ ఉంది. అక్కడ ఇంటింటికీ కుట్టు మిషన్లే. దర్జీలు వారమంతా ఫ్రాకులు, చొక్కాలు కుట్టి మూటలు కట్టి హాట్‌కు తీసుకెళ్తారు. దుకాణం కట్టుకోవడం, దారినపోయే వాణ్ణి పిలవడం వాళ్లకు అక్కర్లేదు. కొనేవాళ్లు హాట్‌కే వస్తారు. అందుకు బదులుగా చోటు ఇచ్చిన వాడికి అద్దె కట్టాలి, వాడు పెట్టిన షరతులకు తలూపాలి. యాప్ స్టోరు కూడా ఒక హాట్. యాపిల్ కంపెనీ 2008 జులై 10న ఐఫోన్‌కు ఈ హాట్ తెరిచింది. మొదటి రోజు అందులో సుమారు 500 యాప్‌లున్నాయి. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ‘ఆండ్రాయిడ్ మార్కెట్’ వచ్చింది. 2012 మార్చిలో దాని పేరు గూగుల్ ప్లే అయింది. కంప్యూటర్లకు 2011 జనవరిలో మ్యాక్ యాప్ స్టోర్, 2012లో విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్ వాళ్ల స్టోరు వచ్చాయి. అంతకు ముందు మేము చదువుకునే రోజుల్లో సాఫ్ట్‌వేర్ అంటే సీడీ. ఎవరో ఒకరు తెస్తే వీధి మొత్తం ఎక్కించుకునేది. చేసినవాడికి పైసా చేరేది కాదు. ఆ మేరకు ఈ హాట్‌లు మేలే చేశాయి.

ఇక 49 రూపాయల లెక్క. గూగుల్ ప్లేలో డెవలపర్ అకౌంటుకు ఒకసారి 25 డాలర్లు కట్టాలి, అంటే రెండు వేల రూపాయల పైచిలుకు. యాపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు, ప్రతి ఏడూ. అమ్మకం మీద మొదట్లో రెండు చోట్లా 30 శాతం కోత ఉండేది. 2021 నుంచి చిన్న అమ్మకందార్లకు, అంటే ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు వచ్చేవారికి, 15 శాతం చేశారు. 49 రూపాయల్లో 15 శాతం పోతే 41 రూపాయల 65 పైసలు. పన్నుల సంగతి పక్కన పెట్టినా, కట్టిన రుసుము వెనక్కి రావాలంటేనే యాభై మంది కొనాలి. మన ముగ్గురు పిల్లలు లెక్కేసి, “యాభై మందే కదా మేడమ్, క్వార్టర్స్‌లో తెలుగువాళ్లే అంతమంది ఉంటారు” అన్నారు. ఉంటారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటి నుంచి ఉన్నారు. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఇక్కడి ఆగ్నేయ రైల్వే కిందే ఉండేది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల నుంచి ఉద్యోగాలకు గార్డెన్ రీచ్‌కు, ఖరగ్‌పూర్‌కు వచ్చిన కుటుంబాలు ఎన్నో. కానీ ఒక్క మాట అడుగుతాం. ఆ యాభై మందిలో 49 రూపాయలు పెట్టి కొనేవారెందరు? మొహమాటానికి కొనేవారెందరు? మొహమాటానికి కొన్నవారు రెండోసారి తెరవరు. డబ్బు లెక్కకు ఇంతకన్నా చోటు ఇవ్వనక్కర్లేదు. ఎందుకంటే అసలు చిక్కు ఇక్కడ లేదు.

చిక్కు ‘నాన్న పేరు మీద’ అన్న మాటలో ఉంది.

మీకు అకౌంట్ ఎందుకివ్వరు? గూగుల్ ప్లేలో డెవలపర్‌గా చేరాలంటే 18 ఏళ్లు నిండాలి. ఇది విదేశీ కంపెనీ పెట్టిన కొర్రీ అనుకోకండి. స్టోరులో అమ్మడం అంటే ఒక ఒప్పందం మీద సంతకం పెట్టడం. మన దేశంలో మైనరు చేసిన ఒప్పందం చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టానికి ఈ అర్థం ఖాయమైంది మన కలకత్తా కేసులోనే. ధర్మదాస్ ఘోష్ అనే కుర్రాడు 1895లో, ఇంకా మైనరుగా ఉండగానే, ఒక వడ్డీ వ్యాపారికి 20,000 రూపాయలకు ఇళ్లు తాకట్టు రాసిచ్చాడు. అతను మైనరు అని వ్యాపారి మనిషికి ముందే తెలుసు. కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1903లో తీర్పు వచ్చింది: మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటి నుంచే లేనట్టు. లా చదివేవాళ్లందరూ మొహరీ బీబీ కేసు అంటూ నేటికీ దీన్నే చదువుతారు. మొహరీ బీబీ ఆ వ్యాపారి భార్య. ఆయన పోయాక కేసు ఆవిడ పేరున నడిచింది. గమనించండి, ఈ చట్టం మిమ్మల్ని చిన్నబుచ్చడానికి కాదు, మీ సంతకంతో మీ నెత్తిన ఎవరూ అప్పు పెట్టకుండా కాపాడడానికి ఉంది. కాకపోతే ఆ గొడుగే యాప్ అమ్మాలనుకున్నప్పుడు అడ్డం వస్తుంది.

సరే, నాన్నగారు సంతకం పెడతారు. ఇక్కడే మన ఇళ్ల సంగతి వేరు. మీ నాన్నగారో అమ్మగారో రైల్వే ఉద్యోగి. రైల్వే ఉద్యోగులకు 1966 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. మాలాంటి కేంద్ర ఉద్యోగులకు 1964 నాటిది ఉంది. రెండింటిలోనూ పదిహేనో నియమం ఒకే మాట చెబుతుంది: ముందుగా అనుమతి లేకుండా ఉద్యోగి సొంతంగా వ్యాపారం చేయకూడదు. అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, విజ్ఞాన సంబంధమైన పనికి మినహాయింపు ఉంది. కానీ ప్రతి డౌన్‌లోడుకూ 49 రూపాయలు జమ అయ్యే అకౌంటును ఎవరూ అప్పుడప్పుడు చేసే విజ్ఞాన సేవ అనరు. షిప్‌యార్డు వారికి వాళ్ల సంస్థ నియమాలు విడిగా ఉంటాయి, అవి వాళ్లే చూసుకోవాలి.

ఈ మాట చెప్పగానే ముగ్గురిలో ఒకమ్మాయి టక్కున అంది: “అయితే అమ్మ పేరు మీద పెడతాం.” ఇది ఆ పిల్ల కనిపెట్టిన ఉపాయం కాదు. మేము తిరిగిన ప్రతి కాలనీలోనూ చీరల వ్యాపారం నుంచి ట్యూషన్ల దాకా అమ్మ పేరు మీదే నడుస్తాయి. అందులో తప్పు లేదు, కానీ అదే నియమంలో ఇంకో వాక్యం ఉంది. కుటుంబంలో ఎవరైనా వ్యాపారంలో ఉంటే ఉద్యోగి ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇది అనుమతి అడగడం కాదు, చెప్పడం. ఒక అర కాగితం. మనవాళ్లు ఆ అర కాగితానికి భయపడి మాట దాస్తారు. దాచాక ఇక అది దాచాల్సిన విషయమే అయి కూర్చుంటుంది. మా అభిప్రాయం అడిగితే, పిల్లలు చేసిన మంచి పనిని దొంగసరుకులా ఇంట్లో పెట్టుకోవడం కన్నా ఆ కాగితం రాయడమే మర్యాద. నాన్నగారు సందేహిస్తే మీరే చిత్తుప్రతి రాసివ్వండి. ఉత్తరం రాయడం ఎలాగో మీకు ఏడో తరగతిలోనే నేర్పాం.

బదిలీ ఇళ్లకు మరో చిక్కు కూడా ఉంది. గూగుల్ ప్లేలో ఉచిత యాప్ పెట్టిన వ్యక్తి పేరు, దేశం, ఈమెయిల్ బయటికి కనిపిస్తాయి. డబ్బు తీసుకోవడం మొదలుపెడితే పూర్తి చిరునామా అందరికీ కనిపించేలా ఉంచుతారు. కొనేవాడికి అమ్మేవాడెవరో తెలియాలి, అది న్యాయమే. కానీ మన చిరునామా ఏది? ఈ ఏడు గార్డెన్ రీచ్‌లో ఒక రైల్వే క్వార్టరు. వచ్చే ఏడు చక్రధర్‌పూర్‌లో ఇంకొకటి. ఆ క్వార్టరు నంబరు లోకమంతా చూసేలా వేలాడుతుంది, మనం ఖాళీ చేశాక ఆ ఇంట్లో దిగిన వాళ్ల తలుపు ఎవరైనా తట్టవచ్చు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఉన్న ఇంటి నంబరు అలా పెట్టడం మాకైతే ఇష్టం లేదు. ‘వద్దు’ అని మేము ఆ రోజు అన్నదాంట్లో సగం భయం ఇదే. ఊరు మారినప్పుడల్లా ఫోను నంబరు, బ్యాంకు శాఖ, రేషన్ కార్డు మార్చుకోవడానికే మనకు ఆరు నెలలు పడుతుంది. అకౌంటు చిరునామా మార్చాలని ఎవరికి గుర్తుంటుంది?

ఇక్కడ మా సొంత కథ ఒకటి చెప్పాలి. మూడో పోస్టింగులో ఉండగా మేమూ ఒక చిన్న యాప్ చేయించాం, ఒత్తుల అభ్యాసం అది. తెలిసిన ఒక కుర్రాడు చేసిపెట్టాడు. డబ్బుకు కాదు, మా పిల్లల ఫోన్లలో ఎక్కించడానికి. ఏ యాప్‌కైనా చేసినవారి ముద్ర ఉంటుంది, ‘కీ’ అంటారు. తర్వాత ఏ మార్పు చేసినా అదే ముద్ర వేయాలి. లేకపోతే ఫోను దాన్ని పాత యాప్‌కు కొనసాగింపుగా ఒప్పుకోదు. ఆ ముద్ర మా పాత కంప్యూటరులో ఒకచోటే ఉంది. బదిలీ వచ్చింది, సామాను లారీ ఎక్కింది, దారిలో వాన. బియ్యం డబ్బా, కంప్యూటరు ఒకే మూల ఉన్నాయి. బియ్యం ఎండబెట్టుకున్నాం. యాప్‌లో ‘ష’కు ‘స’ పలికే ఒక తప్పు ఉండేది, అది ఇప్పటికీ అలాగే ఉంది. పాత బడి పిల్లలు కొందరు ఇంకా ఆ తప్పే నేర్చుకుంటున్నారేమో అని అప్పుడప్పుడు మనసు పీకుతుంది. ఇప్పుడు ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌ల ముద్రను గూగులే భద్రపరుస్తుంది. మిగతా చోట్ల మన ముద్ర మనమే దాచుకోవాలి. మీ టీసీ ఎన్ని జిరాక్సులు తీసి దాస్తారో దీన్నీ అలా దాయండి, ఒకటి ఇంట్లో, ఒకటి బంధువుల ఇంట్లో.

మరి మేము ‘చేయండి’ అనేది ఎక్కడ?

2023 నవంబరు తర్వాత గూగుల్ ప్లేలో కొత్తగా వ్యక్తిగత అకౌంటు తెరిచినవారికి ఒక షరతు వచ్చింది. యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కొంతమంది పరీక్షకులు వరసగా 14 రోజులు దాన్ని ఫోనులో ఉంచుకుని వాడాలి. మొదట 20 మంది అన్నారు, 2024 డిసెంబరులో 12కు తగ్గించారు. చాలామంది ఈ షరతును తిట్టుకుంటున్నారు. ఊళ్లో పరిచయాలు లేని కుర్రాడికి పన్నెండు మందిని పట్టుకోవడం కష్టమే, నిజం. కానీ పిల్లలూ, బదిలీ ఇళ్ల పిల్లలకు ఇంతకన్నా వాటమైన షరతు ఇంకొకటి ఉందా? ఒక్కో బళ్లో స్నేహాలు సగంలో తెంపుకుని వచ్చాం అని మీరు ఏడుస్తారే, ఆ స్నేహాలన్నీ ఇప్పుడు పనికొస్తాయి.

పూజ సెలవుల తర్వాత మేము ఆ ముగ్గురికి ఈ పనే అప్పజెప్పాం. స్టోరు జోలికి పోవద్దు, డబ్బు మాట ఎత్తొద్దు. ఏపీకే ఫైలును పెద్దవాళ్ల ఫోన్లకు పంపండి, వాళ్ల అనుమతితో. పన్నెండు మంది, పద్నాలుగు రోజులు, మన సొంత పరీక్ష. గార్డెన్ రీచ్‌లో ఐదుగురు దొరికారు. మిగతా ఏడుగురూ పాత పోస్టింగుల వాళ్లు. ఖరగ్‌పూర్‌లో ఇద్దరు, విశాఖలో ఇద్దరు, నాగ్‌పూర్, సికింద్రాబాద్, రాంచీలో ఒక్కొక్కరు.

వచ్చిన జవాబులు మా పిల్లలకు ఏ పాఠమూ నేర్పలేనిది నేర్పాయి. సికింద్రాబాద్ ఆంటీగారు రాశారు: “ఆనపకాయ ఏందమ్మా, మేము సొరకాయ అంటం.” మాట ఒకటే ఉండాలని మొండికేసిన అబ్బాయి రెండు రోజులు అలిగాడు. చివరికి కార్డు మీద రెండు మాటలూ వేశారు. ఖరగ్‌పూర్ పిల్లాడు ‘లావు’ చూసి నవ్వి నవ్వి చచ్చానన్నాడు. తెలుగులో లావు అంటే ఏమిటో మీకు తెలుసు కదా, ఆనపకాయ లావుగానే ఉంటుంది మరి. నాగ్‌పూర్ నుంచి ఒక తాతగారు అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కనబడట్లేదు అన్నారు. పిల్లల యాప్‌కు తాతగారి కళ్లతో ఏం పని అనుకుంటారేమో, పిల్లలకు చదివి వినిపించేది ఆ తాతగారే. రాంచీ నుంచి వచ్చిన ఫిర్యాదు అన్నిటికన్నా విలువైనది: ఒక పాత ఫోనులో ‘క్ష’ విడిపోయి ‘క్’ పక్కన ‘ష’లా కనిపిస్తోందని.

ఈ చివరి సంగతి చిన్నదిగా తీసిపారేయకండి. మన లిపిని ఫోన్లు సరిగ్గా చూపడం ఈమధ్యే మొదలైంది. ఆండ్రాయిడ్ మెనూలు తెలుగులో వచ్చింది 2014లో, లాలిపాప్ అనే ఐదో వెర్షన్‌తో. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో మీ అన్నయ్యలను, అక్కయ్యలను అడగండి. జ్ఞానం అని రాసేటప్పుడు వచ్చే ‘జ్ఞా’ అక్షరపు ఒకానొక కూర్పు సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలేది. ప్రపంచమంతా తెలుగు అక్షరం ఐఫోనును పడగొట్టిందని వార్తలు. యాపిల్ ఆ నెల 19న సరిచేసిన వెర్షన్ విడుదల చేసింది. అంత పెద్ద కంపెనీకి తెలుగు అక్షరం ఒకటి అలా కొంపముంచుతుందని బయటివాళ్లు చెబితేగానీ తెలియలేదు. పాత ఫోను వాడే రాంచీ అమ్మాయి ఒకత్తె మన యాప్‌కు ఆ పని చేసిపెట్టింది. ఆమెకు మనం ఒక్క పైసా ఇవ్వలేదు. అలాంటప్పుడు ఆమెకే దాన్ని 49 రూపాయలకు అమ్ముతామా? ఈ ప్రశ్న మేము అడగలేదు, ఆ అబ్బాయే అడిగాడు. మిగతా ఇద్దరి దగ్గర జవాబు లేదు.

కొత్త స్టోర్ల మాట కూడా అడిగారు కాబట్టి చెప్పాలి. ఫోన్‌పే వారి ఇండస్ యాప్‌స్టోర్ 2024 ఫిబ్రవరిలో మొదలైంది. తెలుగుతో సహా 12 భారతీయ భాషల్లో యాప్‌లను వెతుక్కోవచ్చు, మొదటి ఏడాది లిస్టింగ్ రుసుము లేదని ప్రకటించారు. భాష తెలియని పెద్దవాళ్లు కూడా వెతికి దించుకోగలిగితే అది మనకు మేలు. మైక్రోసాఫ్ట్ 2025లో వ్యక్తిగత డెవలపర్ల రుసుమును చాలా దేశాల్లో ఎత్తేసింది. ఎఫ్-డ్రాయిడ్ అని ఇంకొకటి ఉంది, 2010 నుంచి. అందులో అంతా ఉచితమే, ప్రోగ్రామ్ లోపలి రాత కూడా అందరికీ తెరిచి పెట్టాలి. ఆ మూడోదాని మీద మాకు మొగ్గు ఉంది. అయితే అక్కడ ఓ ఇబ్బంది లేకపోలేదు, యాప్ ఇన్వెంటర్‌లో ముక్కలు అతికించి చేసింది అక్కడ పెట్టడం తేలిక కాదు, మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి. రాయండి, ఏం పోయింది? పదో తరగతి సెలవులున్నాయి.

కొత్త స్టోరు తెరిచారనగానే పరుగెత్తకండి. నోకియా వారి ఓవీ స్టోరు 2009లో పెద్ద హడావిడిగా వచ్చింది, 2015కల్లా లేదు. విండోస్ ఫోను స్టోరు 2019 డిసెంబరులో మూతపడింది. ఆండ్రాయిడ్ ఫోన్లకు అమెజాన్ నడిపిన యాప్‌స్టోర్ 2025 ఆగస్టులో ఆగిపోయింది. తెరిచి ఉన్న హాట్‌లో కూడా చోటు శాశ్వతం కాదు. 2024 మార్చి 1న రుసుముల తగాదాలో గూగుల్ కొన్ని భారతీయ యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తీసేసింది. వాటిలో మన ఇళ్లలో పెళ్లిసంబంధాలు వెతికే మ్యాట్రిమొనీ యాప్‌లున్నాయి, ఉద్యోగాలు వెతికే నౌకరీ ఉంది. ప్రభుత్వం కలగజేసుకున్నాక కొద్ది రోజుల్లోనే తిరిగి వచ్చాయి. అంతటి కంపెనీలకే అలా జరిగితే నాయనమ్మ గొంతున్న ఆనపకాయ కార్డు తరఫున ఎవరు మాట్లాడతారు? అందుకే అసలు ప్రతి, బొమ్మలు, గొంతు రికార్డులు, ముద్ర అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో మన దగ్గర ఉండాలి. స్టోరు మూసినా, ఊరు మారినా మనతో వచ్చేది అదే.

పేరు దగ్గరికే మళ్లీ వస్తాం. స్టోరు బయట, ఫోను నుంచి ఫోనుకు పంపుకునే యాప్‌లకు కూడా చేసినవారెవరో నమోదు చేయించుకోవాలని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరు నుంచి ముందుగా నాలుగు దేశాల్లో, తర్వాత మిగతా చోట్ల అన్నారు. విద్యార్థులకు, సరదాకు చేసేవారికి విడిగా రుసుము లేని పద్ధతి పెడతామన్నారు. అంటే ఇవాళ మేము పిల్లల చేత చేయించినట్టు ఏపీకే పంపుకోవడం కూడా రేపు పేరు లేకుండా కుదరకపోవచ్చు. అప్పుడు ఎవరి పేరు? మా పేరు ఇస్తామని ఒకసారి అనుకున్నాం, దాచేదేముంది. ఉచితమే కదా, పదిహేనో నియమంలో మినహాయింపు ఉంది కదా అని. తర్వాత ఆలోచిస్తే అదీ సరికాదనిపించింది. రేపు మాకూ బదిలీ వస్తుంది. చేసింది వాళ్లు. వాళ్ల పేరు ‘గురించి’ అన్న పేజీలో ఉండాలి. నాయనమ్మగారి పేరు, పన్నెండుగురు పరీక్షకుల పేర్లు కూడా, వాళ్లు ఒప్పుకుంటే. అకౌంటు పేరు మాత్రం నియమం తెలిసి, కాగితం ఇచ్చి, సంతకం పెట్టిన పెద్దవారిది. మీకు 18 నిండాక అకౌంటు మీ పేరున తెరవండి, యాప్‌ను అందులోకి మార్చుకోండి. యాప్‌ను ఒక అకౌంటు నుంచి ఇంకో అకౌంటుకు బదిలీ చేసే వీలు ప్లే స్టోర్‌లో ఉంది. దానికీ ఆ మాటే వాడతారు, బదిలీ అని.

అమ్మడం తప్పని మేము అనలేదని గుర్తుంచుకోండి. కష్టపడి చేసినదానికి డబ్బు అడగడం సిగ్గుపడాల్సిన పని కాదు. తెలుగు ఈ-పుస్తకాలు, తెలుగు శ్రవణ పుస్తకాలు డబ్బు తీసుకునే అమ్మేవాళ్లున్నారు, మేమూ కొంటాం. తెలుగువాళ్లు తెలుగుకు డబ్బు పెట్టరు అనే మాట మాకు చిరాకు. కానీ వాళ్లు అమ్మింది నిలకడగా చూసుకుంటారు. ఫిర్యాదు వస్తే జవాబిస్తారు. డబ్బు తీసుకున్న మరుక్షణం నుంచి కొన్నవాడికి మీరు జవాబుదారులు, అర్ధవార్షిక పరీక్షల్లో కూడా. ఉచితంగా ఇచ్చినప్పుడు ‘పరీక్షలయ్యాక చూస్తాం’ అనొచ్చు. తొమ్మిదో తరగతికి ఆ వెసులుబాటు కావాలని మా ఉద్దేశం. ఇంకోటి, మీ యాప్ వాడేవాళ్లు పిల్లలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారంతా బాలలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మొదటి వెర్షన్‌లో మన వాళ్లు ‘నీ పేరు, నీ బడి, నీ ఫోను నంబరు’ అని ఒక పేజీ పెట్టారు. ఎందుకమ్మా అంటే, “అన్ని యాప్‌లూ అడుగుతాయి కదా మేడమ్” అన్నారు. ఆ పేజీ తీసేయించాం.

ఇప్పటి పరిస్థితి ఇది. రైల్వే నాన్నగారు ఒకరు ఆఫీసులో అర కాగితం ఇచ్చారు. వెల ఏమీ లేదు, ఉచితం అని అందులో రాశారు. జవాబు ఇంకా రాలేదు. ‘క్ష’ సరిపోయింది. తాతగారి కోసం అక్షరాలు పెద్దవి చేసే బొత్తాం పెట్టారు. ముగ్గురిలో ఒకమ్మాయి నాన్నగారికి ఆద్రాకు ఉత్తర్వులు వచ్చాయి, మార్చి పరీక్షలవగానే వెళ్తారు. పెన్‌డ్రైవ్ ప్రతులు మూడు తీశారు, ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి. గుమ్మడికాయ కార్డుకు మాత్రం ఇంకా గొంతు లేదు. నాయనమ్మగారు సంక్రాంతికి ఊరు వెళ్లారు, వచ్చే వారం తిరిగొస్తారట.